తుపాకుల బల్లకు ఎదురుగా

నా చిన్నప్పుడు మా మామ్మ తిరునాళ్ళలో తుపాకులు అమ్మేది. కంగారు పడకండి, రేకు తుపాకులే. ఎర్రటి రీలు చుట్ట పెట్టి మీట నొక్కితే టప్పుమని పేలి కాస్త పొగ వదిలేవి. ఏలూరులో మాకు ఫ్యాన్సీ కొట్టు ఉండేది గానీ దాన్ని నాన్నగారు చూసుకునేవారు. తిరునాళ్ళలో వేసే బల్ల మాత్రం మామ్మది. కొల్లేటి లంకల్లో ఎక్కడ తిరునాళ్ళు జరిగినా తాతయ్యా మామ్మా కలిసి వెళ్ళి ఆ బల్ల వేసేవారు. తాతయ్య పోయాక ఒక్కతే వేసేది.

తిరునాళ్ళలో బల్ల వేయడమంటే సరుకంతా జనం చేతుల కింద పరిచి కూర్చోవడమే. ముట్టుకోనివ్వకపోతే ఎవరూ కొనరు. ముట్టుకోనిస్తే నాలుగు మాయమవుతాయి. తాతయ్య పోయిన ఏడాది తుపాకులు మరీ ఎక్కువ పోయాయి. ఈసారి ఒక్క తుపాకీ దొంగల పాలైనా బల్లని అటకెక్కించేస్తానని నాన్నగారు తేల్చి చెప్పేశారు. మామ్మ వాదించలేదు. తోడుగా నన్ను తీసుకెళ్తానంది, అంతే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు జడలు, మోకాళ్ళు దాటని గౌను, బేరంలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో లేరన్న నమ్మకం.

బస్సు దిగి, పడవెక్కి, లంక చేరాం. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇసక వేస్తే రాలని జనం. గుండుగొలను, ఉండి లాంటి ఊళ్ళ నుంచి కూడా వచ్చినట్టున్నారు. మామ్మ సరుకు పరిచి, నన్ను బల్ల వెనక కూర్చోబెట్టి, ఒక ఖాళీ స్టూలు పట్టుకుని దారి దాటింది. మాకెదురుగా తాడేపల్లిగూడెం గాజులావిడ కొట్టుంది. ఆ కొట్టు పైన కట్టిన పట్టా నీడలో, మా బల్ల వైపు తిప్పి, స్టూలు వేసింది. తాతయ్య తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద ఉంచింది.

బతికున్నన్నాళ్ళూ తాతయ్య అక్కడే కూర్చునేవారట. దొంగ ఎప్పుడూ అమ్మేవాళ్ళ కళ్ళనే కనిపెట్టుకుని ఉంటాడు గానీ తన వెనక ఎవరున్నారో చూసుకోడని ఆయన లెక్క. మామ్మ తిరిగొచ్చి నాకు పని అప్పజెప్పింది.

“నువ్వు చేతులు చూడమ్మలూ. నేను మొహాలు చూస్తాను. వీపులు తాతయ్యగారు చూసుకుంటారు.”

నాకు నవ్వొచ్చింది. కొట్లో పుట్టిన పిల్లకి ఇలాంటి ఎత్తులు కొత్త కాదు. మామ్మకి పొద్దుటి నుంచీ అదే పని. అమ్ముతూ అమ్ముతూ తలెత్తి, జనం నెత్తుల మీదుగా, “ఏవండీ, ఆ పసుపు చొక్కా అబ్బాయి దేనికోసమో వెతుకుతున్నాడు, కాస్త చూడండి” అనేది. పసుపు చొక్కా వెనక్కి తిరిగేవాడు. ఖాళీ స్టూలు, తువ్వాలు. తీసినది తీసినట్టే బల్ల మీద పెట్టి జారుకునేవాడు. మొదట్లో చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తరవాత నవ్వడం మానేశారు. కాళ్ళు పీకి ఎవరో ముసలాయన ఆ స్టూలు మీద కూర్చోబోతే, గాజులావిడే చెయ్యి అడ్డం పెట్టి, అక్కడ ఆయనున్నారండీ అంది. మధ్యాహ్నానికి నేనూ అటు చూడటం మానేశాను. కొల్లేటి గాలికి అన్ని కొట్ల పట్టాలూ ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ తువ్వాలు అంచు మాత్రం కదలడం లేదు. నాలుగు మడతల బరువులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

అంతలో డప్పులతో ఊరేగింపు వచ్చింది. తలలన్నీ అటు తిరిగాయి. సరిగ్గా అప్పుడొచ్చాడొక మనిషి. చలువ చొక్కా, భుజాన కండువా, తేనెలాంటి మాట. నన్ను “అమ్మాయిగారూ” అన్నాడు. ఇంకేం, పడిపోయాను. ఒక తుపాకీకి ధర చెప్పాను, తగ్గించమన్నాడు, కుదరదన్నాను, బతిమాలాడు. నేను గెలుస్తున్నాను. ఆయన కళ్ళలోకి చూస్తూ గెలుస్తున్నాను. చేతులు చూడాలన్న సంగతి నా బుర్రలోంచి ఎప్పుడో ఎగిరిపోయింది.

మామ్మ మా ఇద్దరికీ వీపు పెట్టి, రేకు పెట్టెలోకి వంగి రీళ్ళు తీస్తోంది. తిరక్కుండానే అంది.

“ఏవండీ, ఆయన కండువా కింద ఎన్నున్నాయండీ?”

ఎవరో బదులు చెబుతున్నంత సేపు ఆగింది.

“రెండా?”

ఆ మనిషి వెనక్కి తిరిగాడు. ఖాళీ స్టూలుని చూసిన మనిషి మొహం అలా ఉండదు. అలాగే చూస్తూ నిలబడి, ఇటు తిరిగి, కండువా కిందనుంచి రెండు తుపాకులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కటి కూడా తీశాడని నాకు తెలియదు. మామ్మ వాటిని కొంగుతో తుడిచి, నలుగురికీ వినబడేలా, “చూసుకోవడం అయిందాండీ? నచ్చకపోతే ఫరవాలేదు, మళ్ళీ రండి” అంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

రెండని నీకెలా తెలిసిందని అడిగాను. ఊరికే ఒక రాయి వేశానంది. కానీ ఆ తరవాత చాలాసేపు రీలు తుపాకీలో సరిగ్గా ఎక్కించలేకపోయింది.

పొద్దు వాలుతుండగా సరుకు సర్దుతున్నాం. ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి కండువా చేతిలో ఉంది.

“ఆ పెద్దాయన వెళ్ళిపోయారాండీ? తప్పయిపోయిందని చెబుదామని వచ్చాను.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది, ఎత్తు ఇంత బాగా పారిందని. మామ్మ వైపు చూసి ఆపుకున్నాను. ఆవిడ చేతిలోని తుపాకీని నెమ్మదిగా కింద పెట్టింది.

“ఎలా ఉన్నారు బాబూ ఆయన?”

అతను కండువా మడుస్తూ చెప్పాడు. “కోపంగా లేరండీ. నవ్వుతున్నారు.”

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక నాన్నగారు సరుకు సరిచూశారు. ఒక్కటీ పోలేదు. బల్ల అటకెక్కలేదు. మామ్మ ఇంకా చాలా ఏళ్ళు తిరునాళ్ళకి వెళ్ళింది. ఆవిడ వెళ్ళేది అమ్మడానికి మాత్రమే కాదని నాకొక్కదానికే తెలుసు.

బేరగత్తెను కదా, ఆ మనిషి మాటని ఇన్నేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను. నిజంగా చూశాడో, తన పరువు కాపాడిన ముసలావిడకి బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నాడో తేలదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ మధ్యాహ్నం మామ్మ దొంగా అని అరిచి ఉంటే, ఆ సాయంత్రం అతను వచ్చేవాడు కాదు, ఆ మాట ఆవిడకి దొరికేది కాదు. అందుకే ఇవాళ్టికీ నా కొట్లో ఎవరి చెయ్యైనా తప్పుగా కదిలితే, ముందు నేను మొహం పక్కకి తిప్పుకుంటాను. తీసింది తిరిగి పెట్టేంతసేపు అలాగే ఉంటాను.