మా గేటుకి అడ్డంగా మీసాల అంకుల్ కారు

ఆ రోజుల్లో ఢిల్లీలో అద్దెకి మంచి ఇల్లు దొరకడం ఒక ఎత్తయితే, ఆ ఇంటి గేటులోంచి మన కారు మనం బయటికి తీసుకోగలగడం ఇంకో ఎత్తు. మొదటి సంగతి బ్రోకర్ చూసుకునేవాడు. రెండోదాని గురించి ఎవరూ ముందుగా చెప్పేవారు కాదు. పెళ్ళయిన కొత్తల్లో మేము లక్ష్మీ నగర్ దాటి నోయిడా వైపు వెళ్ళే దారిలో, ఒక పాత కాలనీలో కింది అంతస్తు తీసుకున్నాం. గేటు లోపల ఒక కారు పట్టే జాగా ఉండడమే ఆ ఇంటి గొప్ప. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, రాకపోకలన్నీ మెట్రోలోనే. నాకు నోయిడాలో మెట్రో చేరని మూల కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్ కూడా అవలేదు. అందుకని కారు నాదయింది. డ్రైవింగ్ కాకినాడలో నేర్చుకున్నాను (ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేయించి, "ఇంక నువ్వెక్కడైనా నడిపేస్తావమ్మా" అని మాస్టారు దీవించి పంపారు. పాపం, ఆయన ఢిల్లీ చూసినవారు కాదు).

మా గేటులో సగానికి అడ్డంగా ఒక పాత క్రీమ్ రంగు కారు ఉండేది. ఎదురింటి మీసాల అంకుల్‌ది. ఆ మీసాలు చూసి ఆయన సైన్యంలో పెద్ద హోదాలో చేశారనుకున్నాను గాని, కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారట. ఆయన ఇంటి ముందు రోడ్డు మీద జాగా లేక కాదు. అక్కడ ఇనుప జాలీ కట్టి గులాబీలు వేశారు. అంతకుముందు మా ఇంట్లో ఉన్నవాళ్ళకి కారు లేదు కనక, గులాబీలు పోగా మిగిలిన రోడ్డంతా తనదేనని ఆయనకి అలవాటైపోయింది. ఆ కారు కదలగా వీధిలో ఎవరూ చూడలేదు. ఆదివారం ఆదివారం కవరు తీసి, తుడిచి, కాసేపు ఇంజను ఆన్‌లో ఉంచి, మళ్ళీ కవరు కప్పేసేవారు.

నేను స్కూల్లో చదివిన హిందీని రెండు రోజులు మనసులో సానబట్టుకుని, ఒక ఉదయం వెళ్ళి, కారు కొంచెం పక్కకి తీయమని అడిగాను. "అంకుల్ జీ, ఆప్‌కా గాడీ థోడా హటాయియే." ఆయన టీ కప్పు పక్కన పెట్టి చాలా ప్రేమగా, "బేటా, గాడీ 'ఆప్‌కా' నహీఁ, 'ఆప్‌కీ'," అన్నారు. హిందీలో కారు స్త్రీలింగమని తెలుసుకుని ఇంటికొచ్చాను. కారు మాత్రం ఉన్నచోటే ఉంది.

మళ్ళీ అడిగితే, "నికల్ జాయేగీ బేటా, బహుత్ జగహ్ హై," అన్నారు. బోలెడు జాగా ఉంది, నీ కారు పట్టేస్తుంది అని. పట్టేస్తుందని నిరూపించడానికన్నట్టు రోజూ పొద్దున్నే బయటికొచ్చి నిలబడేవారు. నేను గేటులోంచి వెనక్కి తీస్తుంటే చెయ్యి ఊపుతూ "ఆనే దో, ఆనే దో... బస్. అబ్ కాటో," అనేవారు. రానీ, రానీ... చాలు, ఇప్పుడు తిప్పు అని. నేను చెమటలు కక్కుతూ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, ముందుకీ వెనక్కీ నానా తిప్పలు పడి, బెత్తెడు సందులోంచి ఎలాగో రోడ్డు మీద పడేదాన్ని. అంతా అయ్యాక ఆయన, చూశావా అన్నట్టు తలాడించేవారు. అడ్డం పెట్టిన మనిషే దారి చూపిస్తుంటే కృతజ్ఞత చెప్పాలో కోప్పడాలో తెలియక, నేను "థాంక్యూ అంకుల్ జీ" అనేసి వెళ్ళిపోయేదాన్ని. ఆఫీసు చేరేదాకా నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒక సోమవారం, ముఖ్యమైన మీటింగు ఉన్న రోజున, ఎంత తిప్పినా కారు బయటపడలేదు. వెనక పాలవాడి బండి, ఆ వెనక స్కూలు వ్యాను. ఆలస్యంగా చేరాను. మా మేనేజరు మర్యాదస్తుడే, గొంతు పెంచలేదు. "ట్రాఫిక్ అంటే ఓకే. కానీ నువ్వు ఇంకా నీ గేటే దాటలేదంటున్నావు," అన్నాడు. ప్రొబేషన్ మాట కూడా ఒకసారి మెత్తగా జ్ఞాపకం చేశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చాను.

 మా ఆయన అంతా విని, "కాలనీ అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడతాను. మనం చెప్తే వినే మనిషి కాదాయన," అన్నారు.

"పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టడం బాగుండదేమోనండి."

"మరి రోజూ నిన్ను నిలబెడుతున్నారుగా."



ఆదివారం పొద్దున సెక్రటరీ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వీధిలో మాటలు వినపడగానే బాల్కనీల్లోకి జనం చేరారు (మా కాలనీలో కరెంటు పోయినప్పుడు కూడా అంతమంది బయటికి రాలేదు). మీసాల అంకుల్ అంతా విని, "ఠీక్ హై. కల్ హటా దూంగా," అన్నారు. రేపు తీసేస్తానని.

"కల్ క్యోఁ, అంకుల్ జీ? అభీ హటా దీజియే," అన్నాడు సెక్రటరీ. ఇప్పుడే తీసేయండి, రేపటిదాకా ఎందుకు అని. మాట మర్యాదగానే ఉంది గాని, అందులోంచి తప్పుకునే దారి లేదు.

ఆయన లోపలికి వెళ్ళి తాళం తెచ్చారు. కవరు తీసి, అంచులు కలిపి మడిచి, గోడ మీద పెట్టారు. కారెక్కి స్టార్ట్ చేశారు. నేను మా గేటు లోపల నిలబడి, ఇన్నాళ్ళకి పీడ విరగడవుతోందని సంతోషిస్తున్నాను. ఆ కారు రోడ్డు వైపు తిరగాల్సింది. తిరగకుండా, మెల్లగా, ఏ తొందరా లేకుండా, మా ర్యాంపు మీదికి ఎక్కి వచ్చి గేటుకి ఆనింది. ఒక రెక్క లోపలికి వంగింది. నేను వెనక్కి జరిగాను.  ఇంజను ఆగిపోయింది. ఆయన రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఎదురింట్లోంచి ఆంటీ వచ్చింది. దుపట్టాతో చేతులు తుడుచుకుంటూ కారు కిటికీ దగ్గర నిలబడి, మెల్లగానే అంది, "మైనే కహా థా నా. ఆప్‌కో దిఖ్తా నహీఁ హై." నేను చెప్పానుగా, మీకు కనపడదని. ఆమె ఆయనతో చెప్పిన మాటే గాని, వీధి అంత నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినపడింది. పక్క చూపు పోయిందనీ, డాక్టరు కారు ముట్టుకోవద్దన్నాడనీ, ఆ సంగతి చండీగఢ్‌లో ఉన్న కూతురికి కూడా చెప్పలేదనీ తరవాత ఆంటీయే నాతో చెప్పింది. తీయలేని కారుని ఆయన తీయనన్న కారుగా మార్చుకున్నారు. మొండివాడనిపించుకోవడం ఆయనకి తేలికనిపించింది కాబోలు.

సెక్రటరీ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన వంగిన గేటు రెక్కని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తూ నిలబడ్డారు. అంకుల్ కారు దిగారు. సెక్రటరీకీ ఇవ్వలేదు, మా ఆయనకీ ఇవ్వలేదు, తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "బేటా, తూ లగా దే," అన్నారు. నువ్వే పెట్టెయ్యి అని. అంతకు ముందు ఎప్పుడూ ఆయన నన్ను 'తూ' అనలేదు. అందులో చిన్నచూపు లేదు, సొంత కూతురితో మాట్లాడినట్టుంది.

పెడల్స్ నా కాళ్ళకి సరిగా అందలేదు. గేరు రాయిలా ఉంది. లోపల అగరొత్తుల వాసన. అద్దంలో చూస్తే, ఆయన వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నారు. "ఆనే దో... ఆనే దో." ఆయన పక్కన ఒక స్కూటర్ ఉంది. అది ఆయనకి కనపడటం లేదని ఇప్పుడు నాకు తెలుసు, వీధికీ తెలుసు. నేను అద్దం చూసుకుంటూ స్కూటర్‌ని తప్పించాను గాని, ఆగమన్నప్పుడల్లా ఆగాను, రమ్మన్నప్పుడల్లా వచ్చాను. పార్కు గోడ పక్కన కారు పెట్టి తాళం తిరిగి ఇచ్చినప్పుడు, "అచ్ఛా చలాతీ హై," అన్నారు ఆంటీతో. బాగా నడుపుతుందని. నా డ్రైవింగ్‌ని ఢిల్లీలో మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

గేటు రెక్క బాగుచేయించింది ఆయనే. ఆ తరవాత కొన్ని ఆదివారాలు అదే కారులో వాళ్ళిద్దరినీ కూరగాయల మండీకి తీసుకెళ్ళాను. ఆయన ముందు సీట్లో కూర్చుని నాకు హిందీ లింగాలు నేర్పేవారు. చలికాలం రాకముందే కారుని ఎవరికో అమ్మేశారు. అమ్మిన రోజు ఇద్దరూ బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరాను. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి, ఎదురుగా రోడ్డు మైదానంలా ఉంది. ఒక్క ఊపులో వెనక్కి తీశాను. అలవాటు కొద్దీ, లేని కారుని తప్పించబోయి స్టీరింగ్ తిప్పేశాను. ఎడమ తలుపు గేటు స్తంభానికి రాసుకుపోయింది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. అంకుల్ గులాబీలకి నీళ్ళు పెడుతున్నారు. తలెత్తారు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అటు తిరిగి, అప్పటికే తడిసిపోయి ఉన్న మొక్కకే నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు.

ఆ గీతని నేను చాలాకాలం బాగుచేయించలేదు. అదేమిటని ఆఫీసులో ఎవరైనా అడిగితే, "పార్క్ చేసి ఉంటే ఎవరో గీసేశారు," అనేదాన్ని. ఢిల్లీలో ఆ మాట నమ్మనివాళ్ళు ఉండరు. మా ఆయన కూడా నమ్మారు.