పుట్ట తాగిన పాలు

మొగులమ్మ నాకు చిన్నమ్మ వరుస. మా ఊళ్లో ఆమెతో మాట పడనివాళ్లు లేరు, ఆమె చేతి అంబలి తాగనివాళ్లూ లేరు. భర్త పెంటయ్య ఊరి నీరటి. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వదలడం, కట్టను కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. మాది కొండాపూర్ మండలంలో చిన్న ఊరు. చెరువూ చిన్నదే, కట్ట మట్టిదే. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతివాడూ మా తాతే అంటాడు.

ఒకప్పుడు వానలకు ముందు ఇంటికో మనిషి వచ్చి కట్ట మీద మట్టి పోయాల్సిందే. ఎనభైల్లో పటాన్‌చెరు కంపెనీలు వచ్చాయి, మగవాళ్లు బస్సులెక్కారు. షిఫ్టుకు ఆలస్యమైతే చెప్పులు చేతబట్టుకుని ఉరికే మా వాళ్లకు కట్ట పని మాత్రం ఎప్పుడూ రేపే. తుమ్మలు మొలిచాయి, ఎలుకలు బొక్కలు చేశాయి. పెంటయ్య ఒక్కడే పార భుజాన వేసుకుని తిరిగేవాడు. "తేట నీళ్లు కారితే కట్టకు చెమట. మట్టినీళ్లు కారితే నెత్తురు" అనేవాడు.

ఆయన పార తగలని చోటు ఒక్కటుంది. కట్ట వెనక వాలు మీద నడుమెత్తు పుట్ట. కంపెనీలు రాకముందెప్పుడో, పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండకపోతే మొగులమ్మ ఆ పుట్టకే మొక్కుకుంది. కొడుకు పుట్టాడు, నాగప్ప అని పేరు పెట్టింది. అప్పటినుంచి పుట్ట పెత్తనమంతా ఆమెదే. నాగుల పంచమికి ఆడవాళ్లు చెంబులతో పాలు తెచ్చి పోసేవాళ్లు. ఎన్ని పోసినా లోపలికి పోయేవి. "సూసిండ్రా, సుక్క మిగలలే. సామి తాగుతుండు" అని ఆమె మురిసిపోయేది.

పెంటయ్య ఒకసారి గడ్డపార పట్టుకుని వెళ్లాడు. ఆమె వెళ్లి పుట్ట ముందు కూర్చుంది.

"నీకు నీ కట్ట ఎక్కువైతే నాకు నా కొడుకు ఎక్కువ."

ఆయన వెనక్కి వచ్చేశాడు. ఆ గడ్డపార చూరు కిందే ఉండిపోయింది. కొన్నాళ్లకు ఆయన చనిపోయాడు.

సాగు చేసేవాళ్లు లేక పొలాలు పడావు పడ్డాయి. కట్ట కింద తమ మడిచెక్కలోనే నాగప్ప రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఒక ఎండాకాలం ఇరిగేషన్ ఏఈ చలపతిరావు వచ్చి కట్టంతా నడిచి, పుట్ట దగ్గర ఆగాడు.

"అమ్మా, చెదలు లోపల ఎంతదాకా తొలిచాయో తెలియదు. దీన్ని మొదలంటా తవ్వి, బంకమట్టి పోసి, దిమ్మిసతో కొట్టి గట్టి చేయాలి."

"మా దేవుని మీద చెయ్యేస్తవా సారూ? ఎయ్యి, సూస్త!" అంటూ మొగులమ్మ అడ్డం వచ్చింది.

కట్టకు మట్టి పోయమంటే దొరకని మగవాళ్లు ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. వీళ్ల భక్తికి నాకు ఒళ్లు మండింది. ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు.

తొంభై ఎనిమిదిలో పంచమి నాటికే చెరువు నిండింది. తన పాలు పోసి, చెంబు కడుక్కుందామని మొగులమ్మ కట్ట దిగింది. ఆ వెనక వాలు అడుగున సన్నని ఊట ఎప్పుడూ ఉండేదే. ఆ రోజు అది ఎర్రగా, మట్టితో వస్తోంది. ఆమె చూస్తుండగానే ఆ ఎరుపులో తెల్లటి చార కలిసింది. వంగి దోసిట పట్టి వాసన చూసింది. పాలు. పైన ఆడవాళ్లు ఇంకా పోస్తూనే ఉన్నారు.

"ఆపుండ్రి! సామి తాగుతలేడు! కట్టకు తూటు పడ్డది!"

ఊటకు ఎదురుగా ఉన్నది నాగప్ప ఇల్లే. కోడలు సుమిత్రను సామానుతో సహా బయటికి నడిపించింది. కబురందగానే చలపతిరావు కూలీలతో వచ్చాడు. పాత మాట ఎత్తలేదు. తూము తెరిపించి, రెండు రోజులు నీళ్లు వదిలించాడు. నీరు దిగింది, ఊట సన్నబడింది.

"ఇప్పుడు తవ్వొచ్చు. మళ్లీ పెద్దవాన పడేలోపు తవ్వకపోతే మాత్రం కట్ట ఆగదు" అన్నాడు.

కూలీలు పుట్టను చూసి పారలు కింద పెట్టేశారు. మా మగవాళ్లు మబ్బుల వైపు చూశారు. కంపెనీలో బాయిలర్ల ముందు భయపడని నాగప్ప కూడా కదల్లేదు.

"ఈ పేరు పెట్టి నన్నే తవ్వమంటవా అమ్మా?"

మొగులమ్మ ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని, చూరు కింద గడ్డపార తీసుకుని వచ్చింది. పుట్టకు బొట్టు పెట్టింది.

"నువ్విచ్చినోడే కింద పండుకుంటుండు. వాన్ని నువ్వే ముంచుకుంటవా? జెర జరుగు నాయినా. పాపం తగిలితే నాకే తగలనీ."

గడ్డపార ఎత్తి వేసింది. పాము లేదు, చెదలే. కొంత తవ్వాక ఒక సొరంగం బయటపడింది. చెయ్యి పెడితే భుజం దాకా పోయింది. చెయ్యి అందులోనే ఉంచి ఆమె ఏడ్చింది. "ఆయన చెప్తే ఇనకపోతిని" అంది.

అప్పటికి గాని మా వాళ్ల చేతులు పారల మీదికి పోలేదు. బంకమట్టి తెచ్చి తడిపారు. నాగప్పే దిమ్మిస పట్టి కొట్టాడు. ఆ తరువాత వారానికి పెద్దవాన వచ్చింది, కట్ట నిలబడింది.

అయినా ఆమెతో మాట మానేసినవాళ్లు ఉన్నారు. ఏ కీడు వస్తుందోనని ఏడాదంతా ఎదురుచూశారు. మరుసటి పంచమికి ఊరి ఆడవాళ్లు వేరే పుట్ట వెతుక్కున్నారు. మొగులమ్మ మాత్రం చెంబు పట్టుకుని కట్టకే వెళ్లింది. పుట్ట ఉన్నచోట, కొట్టి గట్టిచేసిన మట్టి మీద పాలు పోసింది. ఇంకుతాయేమోనని వంగి చూస్తూ నిలబడింది. పాలు వాలు వెంట జారి గడ్డిలోకి వెళ్లిపోయాయి.

"నాగప్ప నాయినా, సూస్తున్నవా? సుక్క కూడా తాగలే" అంది పెంటయ్యతో.