నిమ్మచెట్టు కింద సారు

"సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల ప్రార్థన చేసుకొని, కూసున్న కుర్చీలనే," అని సారపాక నుంచి అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను హాస్టల్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక ఆకును ఎంతసేపు చూడాలో నేర్పింది మాత్రం ఆయనే.

సైన్సు చెప్పి రిటైరైన సారు ఇల్లు మా వీధి చివర ఉండేది. పెరట్లో పురుగుమందు కొట్టనిచ్చేవారు కాదు. డిజిటల్ కెమెరాలు మా దాకా రాని రోజులవి. తన పాత ఫిల్మ్ కెమెరా లెన్సును తిరగేసి, మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి బిగించుకున్నారు. అందులోంచి చూస్తే చీమ మీసాలు కూడా కనిపించేవి. మంచుకు తడిసిన పురుగులు ఎండ పడేదాకా ఎగరలేవు కాబట్టి ఆయన పనంతా తెల్లవారుజామునే. "చిన్నదాన్ని చూడాలంటే మనమే వంగాలె," అంటూ మోకాళ్ల మీద కూర్చునేవారు. ఆకుకు రంధ్రం కనిపిస్తే, "ఎవరో అన్నం తిన్నరు. దగ్గర్లనే ఉంటరు, చూడు," అనేవారు.

"పెండ్లి ఫోటోలు తీసేటోళ్లను చూసిన గానీ, పురుగుల ఫోటోలేందే," అని మా అమ్మ నవ్వేది. సారు భార్యను నేను అమ్మగారు అనేదాన్ని. ఆమె గొడవ వేరు.

"పురుగును దేవుడే చేసిండు, కాదనను. దానికి నా నిమ్మచెట్టే దొరికిందా?"

"నీ పచ్చడి సంగతి దానికేం ఎరుక," అనేవారు సారు.

ఆ నిమ్మచెట్టు పురుగే గూడు కట్టుకుని, సీతాకోకై, గూడు చీల్చుకుని బయటికొచ్చే క్షణాన్ని ఫోటో తీయాలని ఆయన కోరిక. నేను ఇంటర్ చదువుతుండగా ఆయన చూపు మందగించింది. కంటి నరం దెబ్బతిన్నదని, ఆపరేషన్‌తో బాగుకాదని ఖమ్మం దవాఖానాలో చెప్పారు. అప్పటినుంచి ఆయనకు తొందర పట్టుకుంది.

ఆ ఏడాది మొదటి గూడు విచ్చుకున్నప్పుడు రీలంతా తీశారు. కడిగించడానికి భద్రాచలం వెళితే నేనూ వెంట వెళ్లాను. "సార్, రీలు పంటికి పట్టలే. లోపల తిరగనే లేదు. ఒక్క ఫోటో గూడ పడలే," అన్నాడు స్టూడియో అతను. ఆ రీలు ఎక్కించింది సారే, చూపు ఆనక చేతి అలవాటుతో. తిరుగు బస్సు గోదావరి వంతెన దాటుతుండగా ఆ ఖాళీ రీలును నా చేతిలో పెట్టారు.

"ఇగ రీలు నువ్వు ఎక్కియ్యి. చూసుడు గూడ నువ్వే చూడు," అన్నారు. "నొక్కుడు నాకు ఇడిచిపెట్టు."

కొన్నాళ్లకు ఇంకో గూడు, విచ్చుకునే ముందు అయ్యేట్టుగా, నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపించాయి. మర్నాడు తెల్లవారుతుండగా వెళ్లి, స్టాండు మీద కెమెరా పెట్టి ఫోకస్ సరిచేశాను. గాలికి రెమ్మ ఊగకుండా సారు ఎడమచేత్తో పట్టుకున్నారు. కుడిచేతిలో, కొస నొక్కితే ఫోటో పడే షట్టరు తీగ ఉంది. గూడు చిట్లింది.

"ఇప్పుడు సార్."

టిక్కుమంది.

"తల బయటికొచ్చింది. ఇప్పుడు."

"రెక్కలు ఎట్లున్నయి?"

"పిండిన బట్ట లెక్క ముడతలు ముడతలుగ ఉన్నయి."

ఆ రెండు ఫోటోలూ బాగానే వచ్చాయి. అమ్మగారు వాటికి ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టారు. నాకు ఎక్కువ గుర్తున్నది ఆ తర్వాతి సంగతి. సీతాకోక రెమ్మ వెంట పాకి, సారు చేతిమీదికి ఎక్కి, చొక్కా అంచు పట్టుకుని వేలాడింది.

"సార్, మీ చెయ్యి మీదనే ఉన్నది. కెమెరా ఇటు తిప్పాల్నా?"

"వద్దు బిడ్డా. నాకు తెలుస్తున్నది."

షట్టరు తీగను ఒళ్లో పెట్టుకున్నారు. అమ్మగారు ఛాయ్ తెచ్చి, పిలవకుండా గట్టు మీద పెట్టి అక్కడే నిలబడ్డారు. ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటూ రెక్కలు ఆరుతున్నాయి. ఎండ మెల్లగా ఆయన భుజం మీదికి వచ్చింది. కళ్లు మూసుకుని, చాచిన చెయ్యి కదలనివ్వకుండా, సారు అలాగే కూర్చున్నారు.