పైడమ్మ నోరు జారలేదు

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నేను చేసిన పాపానికి ఒక అమాయకురాలు తనే కారణమనుకుని నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నేను ఆమె కళ్లు తుడిచాను. మంచినీళ్లిచ్చాను. నిజం మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ఈపాటికి మీ ముఖంలో ఏం కనిపిస్తోందా అని వెతుక్కుంటూ ఉండేదాన్ని.

నా బుద్ధే అంత. కూరలవాడు తూకం వేస్తుంటే వంగి తక్కెడ అడుగు చూస్తాను. ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆగితే చాలు, నా గురించే అనుకుంటాను. మా ఆయన వర్క్‌షాపు నుంచి అరగంట ఆలస్యంగా వస్తే సైకిల్ చక్రాలకు ఏ వీధి మట్టి అంటిందోనని చూసేదాన్ని. నవ్వకండి. నవ్వేటంత చిన్న రోగమైతే ఇదంతా రాసేదాన్ని కాదు.

అప్పట్లో మేము ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఫిట్టరు. పెళ్లయి తొమ్మిదేళ్లు. మా వీధిలో పూరీ జగన్నాథుణ్ణి చూడనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ చలికాలం పట్టుబట్టాను. మూడు రోజులు చాలన్నాను. మొదటిరోజు సముద్రస్నానం, దర్శనం. రెండోరోజు కోణార్క్. మూడోరోజు గుళ్లో మహాప్రసాదం తిని బండెక్కడం. ఏ ధర్మశాలలో నీళ్లు బాగా వస్తాయో పక్కింటి బెంగాలీ దీదీని నాలుగుసార్లు అడిగాను, ఒక్కసారైనా మాట మారుస్తుందేమోనని. గోల్‌బజార్ వెళ్లి ఇసుకలో నడవడానికి రబ్బరు చెప్పులు కూడా కొన్నాను. మా ఆయన నవ్వి, పాసుకు అర్జీ పెడతానన్నారు. రైల్వేలో పనిచేసేవాళ్లకు ఏడాదికి ఇన్ని అని ఉచిత పాసులు ఇస్తారు. దానిమీద ఉద్యోగి పేరు, వెంట వచ్చేవాళ్ల వరస రాసి ఉంటుంది. వేరేవాళ్లు దానిమీద ఎక్కితే నేరం.

రెండు వారాలయ్యాక ఒకరోజు ఆయన నా ముఖం చూడకుండా అన్నారు. "పాసు రాలేదే. ఈ ఏడు మానీ." ఆ మర్నాడే పనిమీద పంపుతున్నారని చెప్పి నాలుగు రోజులు చక్రధర్‌పూర్ వెళ్లారు.

నెల తర్వాత ట్రంకుపెట్టె సర్దుతుంటే కాగితాల అడుగున ఆ పాసు దొరికింది. ఖరగ్‌పూర్ నుంచి పూరీ, మళ్లీ వెనక్కి. తను, భార్య. టిక్కెట్ కలెక్టర్ గీతలు కూడా ఉన్నాయి. తేదీలు సరిగ్గా ఆయన ఇంట్లో లేని ఆ నాలుగు రోజులే.

మీరైతే ఏం చేసేవారు? పాసు చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడి అడిగేవారు. అడగాలని నాకూ అనిపించింది. కానీ అడిగితే అబద్ధం చెబుతాడు, పైగా జాగ్రత్తపడతాడు అనుకున్నాను. ఆ రెండు రోజులూ అన్నం వడ్డిస్తూ ఆయన్నే చూశాను. ఆయన కూర బాగుందంటే, ఎందుకు మంచి చేసుకుంటున్నాడా అని చూశాను. నా పేరుమీద, నా పూరీకి, నేను కట్టుకోవాల్సిన చీర కట్టుకుని ఏ మహాతల్లి వెళ్లిందోనని కడుపు మండిపోయింది. మూడోరోజు ఎడమచేత్తో, హిందీలో, ఆయన పై ఆఫీసరుకు ఉత్తరం రాశాను. ఫలానా ఫిట్టరు, తన భార్య కాని ఆడదాన్ని భార్య అని చెప్పి పాసుమీద పూరీ తీసుకెళ్లాడని. సంతకం లేదు. వాళ్లు పిలిచి గట్టిగా భయపెడితే ఆయన దారికొస్తాడనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఆయన పరువు పోతే బాగుండునని కూడా లోపల ఒక మూల లేదా? ఉంది. ఈ కాగితంమీదైనా అబద్ధమెందుకు.

ఆఫీసరు పిలిచాడు. మా ఆయన ఆ రోజుల్లో చక్రధర్‌పూర్‌లో డ్యూటీ చేసినట్టు హాజరు ఉంది. మరి పాసుమీద ఎవరు వెళ్లినట్టు? అమ్ముకున్నావా అని అడిగారు. అమ్ముకున్నాడని తేలితే ఉద్యోగమే పోతుంది. మా ఆయన ఎవరి పేరూ బయటపెట్టలేదట. అప్పుడు ఆయన దగ్గర పనిచేసే సింహాచలం తనంతట తనే వెళ్లి ఆఫీసరు ముందు నిలబడ్డాడు. నేనే వెళ్లాను, నేనే కాళ్లావేళ్లా పడి అడిగాను అని చెప్పేశాడు.

సింహాచలం అదే వర్క్‌షాపులో రోజుకూలి. ఝపటాపూర్‌లో ఒక గదిలో ఉండేవాడు. వాడి భార్య పైడమ్మ. నన్ను అప్పా అని పిలిచేది, సొంత అక్కని పిలిచినట్టే. ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిస్తే వస్తామని జగన్నాథుడికి మొక్కుకుంది. నిలిచింది. మా ఆయనకు పాసు వచ్చిన రోజే చక్రధర్‌పూర్ ఆర్డరూ వచ్చింది. ఆయనకు మళ్లీ సెలవు దొరికేసరికి పాసు గడువు తీరిపోతుంది. ఊరికే పోవడమెందుకని వాళ్లకిచ్చి, వాళ్లు తిరిగొచ్చాక తీసుకుని ట్రంకులో దాచారు. నాకెందుకు చెప్పలేదంటే, నా యాత్ర ఇంకొకరికి ఇచ్చారని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తానని. వేసేదాన్నే.

ఇదంతా ఆ సాయంత్రం ఆయనే చెప్పారు. మంచంమీద కూలబడి, నవ్వలేక నవ్వుతూ. "ఎవత్తెనో ఎంటబెట్టుకుని నాను పూరీ ఎల్నానట. ఎవడో రాసినాడు." నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే చెప్పాల్సింది. ఆయన తల ఎత్తితే చెబుదామనుకున్నాను. ఆయన తల ఎత్తారు. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయాను.

మా ఆయనకు ఇంక్రిమెంటు ఆపారు. మూడేళ్లు పాసులు లేవన్నారు. సింహాచలం పేరు అప్పటికి పర్మనెంట్ చేసే లిస్టులో ఉంది. పదకొండేళ్ల రోజుకూలి తర్వాత వచ్చిన పేరు. దాన్ని కొట్టేసి, రేపటినుంచి రావద్దన్నారు.

నాలుగోరోజు మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. ఆరోనెల కడుపు. వంటింట్లో పీటకూడా వేసుకోకుండా నేలమీద కూర్చుంది.

"నాదే తప్పప్పా. ఎవులికీ సెప్పొద్దన్నాడు మావోడు. పెసాదం దాసుకుంటే పాపమని ఖాజాలు అయిదిళ్లకి పంసినాను. ఎవులో కనిపెట్టీసి రాసీసినారు. నా సేతుల్తో నానే మావోడి కూడు పడగొట్టినాను."

ఆ అయిదిళ్లలో మాదొకటి. పూరీ నుంచి ఎవరో తెచ్చారప్పా అని ఆకులో చుట్టి ఇచ్చింది. అన్నిటినీ అనుమానించే నేను ఆ ఖాజాలను మాత్రం అనుమానించలేదు. రెండు తిన్నాను కూడా.

"నీకేటైనా అనుమానం తగిల్నాదా అప్పా?" అని అడిగింది.

"నాకేటి అనుమానం?" అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇంకా అన్నాను. "పోన్లే పైడమ్మా. ఇకనుంచైనా కాస్త సూసుకుని మసులుకో."

ఆమె తల ఊపింది. నా చేతులు పట్టుకుని, నువ్వొక్కదానివే నన్ను తిట్టలేదప్పా అంది. వారంలో ఇద్దరూ శ్రీకాకుళం వైపు వాళ్ల ఊరు వెళ్లిపోయారు. స్టేషన్‌కు మా ఆయన వెళ్లలేదు, పైడమ్మమీద కోపంతో. ఆ బిడ్డ పుట్టిందో లేదో నాకు తెలియదు. ఉత్తరం రాసి కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. ఏ జవాబు వస్తుందోనని భయం.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటారా? మొన్న మా ఆయన తనంతట తనే పూరీ పాసు తెచ్చారు. ఇన్నేళ్లూ ఆ ఊరి మాటెత్తితే ముఖం తిప్పుకున్న మనిషి. వచ్చే శనివారం ప్రయాణం. పాసు నా చేతికిస్తూ, "ఆ పైడమ్మ నోరు కట్టుకునుంటే ఎప్పుడో ఎల్లిపోదుం" అన్నారు. ఆయన అలా అన్నప్పుడల్లా నేను ఊ కొట్టేదాన్ని. మొన్నా కొట్టాను. ఊ కొట్టాక నా ముఖంలోకి ఎక్కువసేపే చూశారనిపించింది. ఆయనకు తెలుసా? మొదటినుంచీ తెలిసే ఆమెను తిడుతున్నారా, నేను ఎప్పుడు నోరు విప్పుతానో చూద్దామని? లేక ఇదీ నా రోగమేనా?

ఇంతవరకు రాశాక గుండె కాస్త తేలికైంది. తేలికపడే హక్కు నాకుందా అంటే లేదు. అయినా తేలికైంది. పైడమ్మా, నువ్వు ఎవరికీ చెప్పలేదు. నువ్వు పంచింది ప్రసాదమే. మీ కూడు పడగొట్టింది నేను.

వరండాలోంచి మా ఆయన కేకేశారు. "ఏటి అంతసేపట్నుంచి రాస్తన్నావు? పూరీకి సామాన్ల లిస్టా?"

"కాదు" అన్నాను. ఆయన వార్తాపత్రిక మడిచి పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.