బల్లుల ఆటలో నేను నడిచేవాణ్ణి

ఆ రోజుల్లో అసూయ పడటానికి కూడా పెద్దగా సదుపాయాలు ఉండేవి కావు. ఇప్పుడంటే ఫోను తెరిస్తే చాలు, ఒకడు కారు కొన్న ఫోటో, ఇంకొకడు కొండెక్కిన ఫోటో, కూర్చున్న చోటే కడుపు మండించుకోవచ్చు. మా కాలంలో నారాయణఖేడ్‌లో ఒక మనిషిని చూసి కుళ్ళుకోవాలంటే వాడు ఎదురుగా ఉండాలి, రోజూ కనపడాలి, వీలైతే మన కంచం పక్కనే కూర్చుని తినాలి. నాకు అన్నీ కుదిరాయి. వాడు మా చిన్నమ్మ కొడుకు. నాగల్‌గిద్ద నుంచి ఇంటర్ చదవడానికి వచ్చి రెండేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. నాకంటే ఏడాదిన్నర చిన్న. జొన్న చొప్పలా సన్నగా ఉండేవాడు కనుక ఊరంతా బక్కోడు అనేది. (ఇప్పుడు ఆటోలో ఇద్దరు కూర్చునే చోటు వాడొక్కడికి కావాలి. పేరు మాత్రం మారలేదు.)

బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం మీద ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, లోపల అడుగుపెడితే కొత్త ప్లాస్టిక్ వాసన. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, నేర్చుకునేవాళ్ళం ఎనిమిది మందిమి. అందుకని సార్ ఒక నియమం పెట్టారు. ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు. పెద్దవాడికి కీబోర్డు, చిన్నవాడికి మౌసు. మా ఇంటి జతలో నేను పెద్ద, బక్కోడు చిన్న. అక్షరాలు కొట్టడం బాధ్యత గల పని అనీ, మౌసు జరపడం పిల్లల పని అనీ ఆయన అభిప్రాయం. ఆ మాట విన్న రోజు నేనెంత పొంగిపోయానో చెప్పలేను. ఇంటికెళ్ళి "అమ్మా, సార్ నాకు కీబోర్డ్ ఇచ్చిండే" అని చెబితే, అది ఇంటికి తెచ్చుకునే వస్తువనుకుని ఎక్కడ పెట్టావని అడిగింది మా అమ్మ.

నెల తిరక్కముందే నా పెద్దరికం ఏ పాటిదో తెలిసిపోయింది. క్లాసు అయిపోయాక సార్ అరగంట ఆట ఆడుకోనిచ్చేవారు. 'ప్రాక్టీస్' అని పేరు పెట్టిన ఫోల్డరులో ఆ ఆట మూడు భాగాలుగా దాగి ఉండేది. దాని అసలు పేరు నోరు తిరగక మేం బల్లుల ఆట అనేవాళ్ళం. ఒంటినిండా ఇనుప కవచం తొడుక్కున్న సిపాయి ఒకడు ఇంకో గ్రహం మీద దిగుతాడు. అక్కడ బల్లి ముఖాల జనం గుంపులు గుంపులుగా మీద పడతారు. కథంతా ఇంగ్లీషులో ఉండటం వల్ల గొడవ దేనికో మాకెవరికీ అర్థం కాలేదు. మా వైపు గొడవ ఏదైనా చివరికి పొలం గట్టు దగ్గరే తేలుతుంది కనుక, బల్లులు ఈ సిపాయి గట్టు జరిపి ఉంటాయని తీర్మానించుకున్నాం. ఆటలో కూడా సార్ నియమమే. కీబోర్డుతో నడవాలి, మౌసుతో సిపాయి ముఖం తిప్పి, గురి చూసి కాల్చాలి. అంటే నేను నడిచేవాణ్ణి, బక్కోడు కాల్చేవాడు.

నడకను ఎవరైనా మెచ్చుకోవడం మీరెప్పుడైనా విన్నారా? నేనూ వినలేదు. గోడల చాటున నక్కించి, సందుల్లోంచి లాక్కొచ్చి, బల్లికి సరిగ్గా వెనకాల తీసుకెళ్ళి నిలబెట్టేది నేను. వాడు వేలితో టక్కుమని నొక్కేవాడు. "ఏం కొట్టినవ్‌రా బక్కోడా!" అని గదంతా అరిచేది. బల్లి కనపడగానే వాడు మా చిన్నమ్మ ఊరి కన్నడంలో "నోడన్నా, నోడు నోడు!" అని కేకేసేవాడు. చూడు చూడు అని. చూస్తూనే ఉన్నాను కదా, తీసుకొచ్చిందే నేను కదా! కొన్నాళ్ళకు సార్ తన తిరిగే కుర్చీ వాడికిచ్చి తాను నిలబడి చూడటం మొదలుపెట్టారు. నాది స్టూలు, దానికి ఒక కాలు పొట్టి. ఇక ఇంట్లో మా అమ్మ, ఏ ఆటో ఏమిటో తెలియకపోయినా, "పాపం చిన్నోడు, కాల్చి కాల్చి చెయ్యి ఎంత గుంజుతుందో" అని వాడి రొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేసేది. నా వేళ్ళు ఆ గ్రహమంతా కాలినడకన తిరిగొచ్చాయని ఎవరికి చెప్పుకోను?

పరీక్షలకు వారం ముందు మేం మూడో భాగం చివరికి చేరాం. ఆట ఆపిన చోటును కంప్యూటర్లో దాచుకోవచ్చని మాకు తెలియదు. కనుక రోజూ ఆ భాగం మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళం. అరగంటలో అంత దూరం వెళ్ళడం ఎవరి వల్లా కాలేదు. ఆ రోజు వెళ్ళాం. ముందు ఇరుకు వంతెన, కింద నిప్పుల గుండం, అవతల ఇల్లంత బల్లి. అది చస్తే ఆట గెలిచినట్టే. గది నిండిపోయింది. కింది నుంచి ఎరువుల దుకాణం ఆయన కూడా గిరాకీ వదిలేసి పైకొచ్చాడు. ఎవరో సార్‌ని, ఈ ఇద్దరిలో గట్టోడు ఎవరని అడిగారు. సార్ నా తల మీదుగా జవాబిచ్చారు. "కీబోర్డ్ మీద ఎవలున్న నడుస్తది గని, మౌస్ మీద మాత్రం గీ బక్కోడే ఉండాలె."

ఎవరున్నా నడుస్తుందట! నాకు కాళ్ళ నుంచి తల దాకా మంట లేచింది. వంతెన మధ్యలో ఉన్నాం. నా ఉంగరం వేలు పక్కకు జరిగే మీట మీద ఉంది. నొక్కాను. ఇంకాస్త నొక్కాను. ఇనుప సిపాయి గుండంలో పడి, ఒక్క కేక వేసి, ఎర్రగా మాయమయ్యాడు. అందరూ నా వైపు తిరిగేలోగా నేనే ముందు నోరు తెరిచాను. "నేనేం జేయలే సార్. వీడే మౌస్ తిప్పిండు, తొవ్వ వంకరయింది." వాడు కాదంటాడనుకున్నాను. వాడు తన చేతిని తిప్పి తిప్పి చూసుకుని, "హౌదు సార్, నా చెయ్యే తిరిగినట్టుంది" అని తిరిగే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ కుర్చీ నాకేమైనా వచ్చిందా అంటే అదీ లేదు. సార్ కూర్చున్నారు. పరీక్షలయ్యాక వాడు ఐటీఐకి జహీరాబాద్ వెళ్ళిపోయాడు, సెంటరు కాస్తా చెప్పుల దుకాణమైంది. ఆట చివర ఏమవుతుందో మేమిద్దరం చూడలేదు.

మొన్నామధ్య అదే ఆట, మూడు భాగాలకూ కొత్త రంగులద్ది మళ్ళీ విడుదల చేశారని ఫోనులో చూశాను. నాకిప్పుడు జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే దుకాణముంది, ఇంట్లో మంచి కంప్యూటరుంది. వెంటనే తెప్పించుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే గెలిచి, ఆ తరువాత తీరిగ్గా బక్కోడికి ఫోన్ చేసి చెప్పాలని నా ప్లాను. (వయసు పెరిగితే బుద్ధి పెరుగుతుందని ఎవరన్నారో నాకు తెలియదు.) బల్లుల పొలుసులు కూడా మెరుస్తున్నాయి, ఆకాశంలో మూడు చందమామలు పెట్టారు. నడక మాత్రం నా వేళ్ళు మరిచిపోలేదు. కానీ కుడి చెయ్యి! గురి చూస్తే చందమామకు తగిలింది, గోడకు తగిలింది, నా కాలికే తగిలినట్టుంది. మొదటి గేటు దగ్గర ఎన్నిసార్లు చచ్చానో మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. "గా మరిదిని పిలువరాదు? ఇద్దరు ఆడేది ఒక్కనివి ఎట్లాడుతవ్?" అంది. నాలుగు రోజులు పళ్ళు నూరుకుని, ఐదోరోజు పిలిచాను.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి వాడు సంచి నిండా పచ్చి కందికాయలతో గడప మీద కూర్చుని ఉన్నాడు. నాగల్‌గిద్దలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. చేతినిండా పని, తలనిండా నల్లటి జుట్టు. (నా తల గురించి వదిలేయండి.) మౌసు పట్టుకున్నాడో లేదో "నోడన్నా, నోడు!" అని మొదలుపెట్టాడు. బల్లులు వరసగా రాలుతున్నాయి. మా ఆవిడ కందికాయలు ఒలవడం ఆపి, "ఏం చెయ్యి మరిదీ నీది!" అంది. అంతే, ఇన్నేళ్ళ మంట ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా వచ్చి నా కడుపులో కూర్చుంది. కొత్త ఆటలో ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు కనుక, మధ్యాహ్నం తిన్నాక నేరుగా మూడో భాగం చివరికి వెళ్ళాం. అదే వంతెన, అదే గుండం. నిప్పులు మాత్రం ఇప్పుడు నిజం నిప్పుల్లా ఉన్నాయి.

వంతెన మొదట్లో వాడు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. "అన్నా, జర ఆగు. నువ్వు అవతలకి పోయేదాక నేను మౌస్ ముట్ట. అప్పుడు నా చెయ్యి తిరగవట్టే నువ్వు పడ్డవ్. అందరి ముందట నీ ఇజ్జత్ పోయింది. ఇప్పటికి గూడ మోటార్‌కు తీగ చుట్టేటప్పుడు గదే యాదికొస్తది, చెయ్యి తిరుగుతదేమో అని ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుంట."

సిగ్గుపడాల్సిన సమయమని తెలుసు, సిగ్గుపడ్డాను కూడా. కానీ నిజం చెప్పాలి కదా, అంతకంటే ముందు అసూయే కలిగింది. తప్పు చేసిన నేను హాయిగా ఉంటే, చేయని తప్పుకు వీడు ఇన్నేళ్ళు బాధపడ్డాడు. ఇందులోనూ నాకంటే ముందున్నాడు! ఇక ఉండబట్టలేదు. "బక్కోడా, నీ చెయ్యి తిరగలేరా. అందరు నిన్నే మెచ్చుకుంటుండ్రని నేనే కావాలని దుంకిన. దుంకి నీ మీద వెట్టిన."

మా ఆవిడ చేతిలో కందికాయ అలాగే ఉండిపోయింది. వాడు నిప్పుల గుండం వైపు చూశాడు. లేచి పోతాడనుకున్నాను.

"లే" అన్నాడు.

"ఏంది?"

"లే అంటున్న. ఇటొచ్చి గీ మౌస్ నువ్వు పట్టు. కీబోర్డ్ నాకియ్యి."

లేచి వాడి చోట కూర్చున్నాను. మౌసు ఇంకా వాడి చేతి వేడితోనే ఉంది. చెమట తుడుచుకుని, గురి గుర్తును జాగ్రత్తగా జరిపి, అవతలున్న పెద్ద బల్లి నుదుటి మీద పెట్టాను. కుదిరింది. నా జన్మలో మొదటిసారి కుదిరింది. "ఇంకో నాలుగడుగులెయ్‌రా, దగ్గరికి రానియ్యి" అని ఆజ్ఞ కూడా ఇచ్చాను. వాడు ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు పక్కకు వేసి, సిపాయినీ నన్నూ కలిపి నిప్పుల్లోకి దుంకించాడు. పడుతున్నంతసేపూ నేను పిచ్చివాడిలా మీట నొక్కుతూనే ఉన్నాను. గుండ్లన్నీ మూడు చందమామల మీదికి పోయాయి.

"ఇగ ఇద్దరం బరాబర్" అన్నాడు. అని, కుర్చీ కిర్రుమనేలా పొట్ట ఊపుతూ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వుకే అని నేను అనుకున్నాను, వాడూ అలాగే అనుకోనిచ్చాడు. ఆట చివర ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు. కానీ స్టూలు మీద కూర్చుని మౌసు వైపు గుడ్లప్పగించి చూసిన ఆ కుర్రాడు కనిపిస్తే ఒక్క మాట చెబుదును. ఒరే పిచ్చోడా, తుపాకీ ఎవడి చేతిలో ఉన్నా, ఇద్దరి ప్రాణాలూ రోజూ నీ వేళ్ళ కిందే ఉండేవి. వాడు భయం లేకుండా బల్లుల వైపే చూశాడంటే, నీ నడక మీద వాడికి అంత నమ్మకం.