ఇనుప కడియం ఉన్న గది

ఉద్యోగం వచ్చి ఇన్నేళ్ళయినా హైదరాబాద్ అశోక్ నగర్ జిరాక్స్ షాపుల్లో అమ్మే సర్కారు ఉద్యోగ పరీక్షల నోట్సు మీద నా కోపం పోలేదు. మేం హాస్టల్ అమ్మాయిలందరం కొని బట్టీపట్టిన ఆ నోట్సులో మా కొండ గురించి ఒకే ఒక్క ముక్క ఉండేది. ‘ఘాట్ మీది రాతి కట్టడం: దొరల వేట బంగళా.’ అంతే. మా ఊరు మహారాష్ట్ర సరిహద్దు కొండల్లో, సరిగ్గా ఆ ఘాట్ పైనే ఉంది. చదివిన రోజే ఒళ్ళు మండింది.

ఆ ఘాట్ దారి నాకు నేర్పింది మా అవ్వ. చిన్నప్పుడు వారం వారం కింది ఊరి అంగడికి ఆమె వెంట నడిచిపోయేదాన్ని. మొదట సరిహద్దు రాయి వచ్చేది. కొడవళ్ళు నూరి నూరి దాని ఒక పక్క అక్షరాలు అరిగిపోయాయి. పెద్ద బిడ్డను ఆ రాయికి అవతలి ఊరికిచ్చాను, దాన్ని పాతినోడు నన్నడిగి పాతలేదు అనేది అవ్వ. తర్వాత మెట్ల బావి. దాన్ని కట్టడానికి రాళ్ళు మోసినవాళ్ళనే అందులో దిగనివ్వలేదట. ఆఖరి మలుపులో, కప్పు కూలిన రాతి గది.

అది సుంకం నాకా. కట్టెల మోపుకీ ఇప్పపువ్వు గంపకీ అక్కడ సుంకం ఇచ్చుకుంటేనే కిందికి పోనిచ్చేవాళ్ళు. లోపలి గోడకు ఇప్పటికీ ఒక ఇనుప కడియం ఉంది. ఇవ్వలేనివాళ్ళను దానికి కట్టేసేవాళ్ళు. అవ్వ వాళ్ళ నాయన రెండు రోజులు అలా ఉన్నాడు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అని, అవ్వ నెత్తి మీది గంప దించి ఆ కడియాన్ని ఒకసారి పట్టుకుని, మళ్ళీ నడిచేది. ఏ అంగడికీ అది మానలేదు.

మొదటిసారి పరీక్ష రాసినప్పుడు అదే ప్రశ్న వచ్చింది. ఆప్షన్లలో సుంకం నాకా కూడా ఉంది. రెండో ఆలోచన లేకుండా దాన్నే దిద్దాను. తర్వాత విడుదల చేసిన జవాబుల కీలో మాత్రం వేట బంగళా అని ఇచ్చారు.

కీ మీద అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఆ పూటే బస్సెక్కి ఊరికి పోయి కడియం ఫోటోలు తీశాను, అవ్వ మాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. తిరిగొచ్చి ఫారం తెరిస్తే ఆధారం కింద రెండే గళ్ళు: పుస్తకం పేరు, పేజీ నంబరు. అవ్వకు పేజీ నంబరు ఎక్కడి నుంచి తేను? చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే వాటర్ బాటిల్ పెట్టి కుర్చీ ఆపుకుని, గడువు ముగిసేదాకా వెతికాను. ఏ దొర ఎన్ని పులుల్ని చంపాడో కూడా రాసి ఉంది. మోపు దించిన మనిషి గురించి ఒక్క పేజీ లేదు. ఫోటోలే పంపితే, తగిన ఆధారం లేదని ఒక్క ముక్కలో తోసేశారు.

నారాయణగూడ కోచింగ్ సెంటర్లో మాకు చరిత్ర చెప్పే సారు దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. “నువ్వు చరిత్ర రాయడానికి రాలేదమ్మా, ఉద్యోగం కోసం వచ్చావు. పుస్తకంలో ఏదుంటే అది దిద్దెయ్” అన్నారు. ఆ మెత్తటి మాటకే నాకు ఎక్కువ మంట పుట్టింది.

మా హాస్టల్‌లో ఉప్మా కోసం వరసలో నిలబడి ఒకరు ప్రశ్న వేస్తే ఇంకొకరు జవాబు చెప్పడం అలవాటు. ఒకరోజు కొత్తగా వచ్చిన అమ్మాయి మా కొండ ప్రశ్నకు వేట బంగళా అంది. కాదన్నాను, కడియం సంగతంతా చెప్పాను. వరస ముందుకు జరిగినా ఆమె కదల్లేదు.

“ఇది ఏ బుక్కులున్నది అక్కా?” అంది.



మరుసటి పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న. పెన్ను కాసేపు సుంకం నాకా మీదే ఆగింది. ఇంట్లోవాళ్ళ మొహాలు, దాటిపోతున్న వయసు, హాస్టల్ మంచం అన్నీ గుర్తొచ్చాయి. వేట బంగళా దిద్దాను. అప్పటిదాకా వాళ్ళ మీద ఉన్న కోపమంతా నా చేతి మీదికి మళ్ళింది. ఉద్యోగం ఆ పరీక్షతోనే వచ్చింది.

ఆ రోజు పరీక్ష హాల్లోంచి బయటికొచ్చేసరికి అవ్వ ఫోన్.

“గా కడియం ముచ్చట మల్ల అడిగిండ్రా బిడ్డా?”

అడిగారన్నాను.

“ఏం రాసినవ్?”

“నువ్వు చెప్పిందే రాసిన అవ్వా.”