వత్తులు ఊడిపోయిన ప్రశ్నపత్రం

మెదక్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఉన్నవి పన్నెండు, అన్నీ పాతవే. అన్నిట్లో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేశాను.

పరీక్షలకు వారం ముందు అన్నిటికీ ఒకేసారి అప్‌డేట్ పెట్టాను. ఇంగ్లీషు ఫైళ్లు తెరిచి చూసుకున్నాను గానీ తెలుగు చూడాలని తోచలేదు. మర్నాడు పొద్దున్నే మా తెలుగు టీచర్ పిలిచారు. ఆమె హవేలిఘనపూర్ నుంచి రోజూ బస్సులో వస్తారు, తన ప్రశ్నపత్రం తనే టైపు చేసుకుంటారు.

"సారూ, జర ఇటు రాండ్రి. నా పేపర్‌ల వత్తులన్నీ ఊడిపోయినయ్."

నిజమే. 'అమ్మ' ఉండాల్సిన చోట 'అమ్‌మ' అని ఉంది.

"టైపు చేసేటప్పుడు ఏదో నొక్కి ఉంటారు మేడం," అన్నాను.

ఆమె పక్క కంప్యూటర్‌లో నేను తయారుచేసిన సెలవుల నోటీసు తెరిచారు. అందులోనూ అదే తీరు.

"గిది గూడ నేనే నొక్కిన్నా?"

సిగ్గేసింది. తప్పు నాదేనని చెప్పి ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

తెలుగుకు ఏ ఫాంట్ వాడుతున్నావని సిస్టమ్‌ను అడిగితే నేనెప్పుడూ వినని పేరు చెప్పింది. అప్‌డేట్‌తో పాటు వచ్చిన కొత్త ఫాంట్ అది. అక్షరాలన్నీ ఉన్నాయి గానీ వత్తును అక్షరం కింద చేర్చడం దానికి తెలియదు. ఫాంట్ల సెట్టింగ్ ఫైలులో మా పాత ఫాంట్‌ను వరుసలో మొదట రాశాను. ఏమీ మారలేదు. మళ్లీ రాశాను. మారలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టారు.

ఆమె టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నారు. జొన్నరొట్టె తుంచి సగం నా ముందు పెట్టారు.

"తినుండ్రి ముందుగాల. పేపర్ యాడికి పోదు."

తిని, చేతులు కడుక్కొని వచ్చి చూస్తే కనబడింది. రాసిన దాని చివర మూసేయాల్సిన గుర్తు ఒకటి మరిచిపోయాను, దాంతో సిస్టమ్ ఆ ఫైలును అసలు చదవడమే లేదు. గుర్తు పెట్టి ఆమె పేపర్ మళ్లీ తెరిచాను. వత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆమె తెర మీద వేలు పెట్టి ఒక్కో ప్రశ్నా పైకి చదివారు. ఏడో ప్రశ్న దగ్గర ఆగి నవ్వారు.

"గీ తప్పు మాత్రం నాదే."

దిద్దుకున్నాక, అక్షరాలు సన్నగా ఉండి కండ్లు గుంజుతున్నాయని చెప్పారు. కళ్లద్దాల డాక్టరులాగా ఒక్కో అమరిక మార్చి చూపించాను. "ఇదా మేడం? ఇదా?" నాలుగోసారికి ఆమె ముఖం విప్పారింది.

"ఆఁ, గిదే. మస్తుగున్నది. ఇగ ముట్టకుండ్రి."

అదే ఫైలును మిగతా కంప్యూటర్లన్నిట్లోకీ ఎక్కించేసరికి సాయంత్రమైంది. వెళ్లే ముందు ఆమె వత్తుల మీద వత్తులున్న మాటలు రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న, స్వాతంత్ర్యం, ధృతరాష్ట్రుడు. ఈసారి అప్‌డేట్ పెడితే ముందు ఇవి చూసుకోమన్నారు. ఇప్పుడు అలాగే చూసుకుంటున్నాను. ఆ మాటలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా కనబడితే, కంప్యూటర్లు ఆపేసి నిశ్చింతగా ఇంటికి పోతాను.